తుపాకీ చూపులు

మా వేటగుడిసెలో పొయ్యి వెనక గోడ నిండా చొక్కా ముక్కలే. జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, దాని మీద పేరు రాసి మేకు కొట్టడం మా పెన్సిల్వేనియా కొండల్లో తాతలనాటి అలవాటు. ఆ గోడకి ఎక్కని పేరు లేదు. నాదీ ఉంది. కాకపోతే సగం గోడ ఒక్క మనిషిదే. హార్లన్ మస్సర్. ఆయన మా బావ, మా ఎర్మా అక్క మొగుడు.

అలాగని బావ చేతగాని వేటగాడేం కాదు. ఆకుల మీద అడుగుజాడ చూసి జింక ఎప్పుడు వెళ్లిందో, ఆడదో మగదో చెప్పేవాడు. నవంబరు చివర మామూలు తుపాకుల వేటలో ఆయనకీ ఏదో ఒకటి దొరికేది. చిక్కంతా క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే చెకుముకి వేటతోనే. ఆ రోజుల్లో మూతి నుంచి మందు దట్టించి, చెకుముకి రాయి నిప్పుతో పేల్చే తుపాకీలు తప్ప ఇంకేవీ పట్టకూడదు. మావాళ్లకి ఆ వేటంటే పిచ్చి. మంచులో వణుకుతూ, మందు తడిసిపోతుందేమోనని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు తుపాకీని కోటు కింద దాచుకుని తిరిగితేగాని వాళ్లకి ఏడాది గడిచినట్టు ఉండదు.

బావ తుపాకీ వేలంలో కొన్నది. చూస్తే కళ్లు తిప్పుకోలేం. పులిచారల మేపుల్ కర్ర, పక్కన పువ్వులు చెక్కిన ఇత్తడి మూత, చెంప ఆనించేచోట వెండి చందమామ. దానికున్న లోపమల్లా పేలకపోవడమే. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కు రెక్కని గీరి, రవ్వలు కిందనున్న చిన్న గిన్నెలో మందు మీద పడాలి. ఆ మంట పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి వెళ్లి అసలు మందుని అంటించాలి. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోవాలి. బావ తుపాకీలో మాత్రం ముందు 'టక్' అనేది. కాసేపటికి 'తుస్స్' అనేది. మనం ఆ సంగతి మర్చిపోయి ముక్కు చీదుకుంటుంటే అప్పుడు 'ఢాం' అనేది. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఈలోగా జింక పక్క జిల్లాకి చేరుకునేది.

"పేలనిదాన్ని తప్పడం అని ఎలా అంటారయ్యా?" అని బావ ఏటా వాదించేవాడు.

గుడిసె పెద్ద ఎమరీ. స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. కత్తెర ఆయన జేబులోనే ఉండేది. "జింక నిలబడి ఉంది. నువ్వు ట్రిగ్గర్ నొక్కావు. జింక ఇంకా నిలబడే ఉంది. ఇక వెనక్కి తిరుగు హార్లన్" అనేవాడు. బావ తిరిగేవాడు.

ఆ ఏడు అక్టోబరులో మా అక్క చలిబట్టలు బయటికి తీస్తూ బావ చొక్కాలన్నీ మంచం మీద పరిచింది. నేను వాళ్లింట్లో తలుపు బందులు బిగిస్తున్నాను. పక్కగదిలోంచి అక్క గొంతు వినబడింది.

"ఏమయ్యా, ఇలా రా. వీటిల్లో ప్యాంటులోకి దోపుకోడానికి కొస ఉన్న చొక్కా ఒక్కటి చూపించు."

బావ వెతికాడు. "ఇదుగో."

"అది నాది."

"అంతా ఆ తుపాకీ వల్లే ఎర్మా. నాదేం లేదు."

"అయితే తుపాకీ మార్చు."

బావ తెల్లబోయాడు. ఇన్నేళ్లూ తుపాకీని తిట్టాడుగాని, మార్చడమన్న మాట ఆయన బుర్రలోకి రాలేదు. "అలా వెళ్లి ఇలా కొనుక్కొచ్చేది కాదది. ఆచితూచి ఎంచుకోవాలి. అందులో బోలెడు సంగతులుంటాయి..."

"నేనూ వస్తాలే" అంది అక్క.

నా చేతిలో స్క్రూడ్రైవరు జారిపోయింది. మా అక్క ఒక వస్తువు కొనడమంటే ఏమిటో మా ఊళ్లో అందరికీ తెలుసు. బట్టలుతికే మెషిన్ కొన్నప్పుడు పందుల దొడ్లో బావ వేసుకునే ప్యాంటు సంచిలో పెట్టుకెళ్లి, షాపులో ఉతికి చూపించమంది. వాక్యూమ్ క్లీనర్ కొన్నప్పుడు ఇంటి నుంచి పొయ్యి బూడిద డబ్బాడు తీసుకెళ్లి వాళ్ల తివాచీ మీద దిమ్మరించింది. పరుపు కొనే రోజున దాని మీద పడుకుని గుర్రు పెట్టింది. షాపువాడు భయపడి బావకి ఫోన్ చేశాడు.

మర్నాడే ముగ్గురం నా ట్రక్కులో టౌన్లో ఉన్న పెద్ద షాపుకి వెళ్లాం. వేట సామాన్లూ, గాలాలూ, పడవలూ అన్నీ అక్కడే. కౌంటర్ వెనక కుర్రాడు నున్నగా గీసుకున్న గడ్డంతో నవ్వుతూ ఎదురొచ్చి, నల్లటి ప్లాస్టిక్ మడమ ఉన్న తుపాకీ ఒకటి తీశాడు. బావ దాన్ని చూసి పెరుగన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టాడు.

"మేడమ్, దీనికి జీవితకాలం గ్యారంటీ ఉంది."

"ఎవరి జీవితకాలం? జింకదా?" అంది అక్క. "గ్యారంటీ తర్వాత చూద్దాంగాని, ముందు నిప్పు రాల్చి చూపించు బాబూ. మందూ గుండూ ఏం వద్దు. ఉత్తినే."

కుర్రాడు అటూ ఇటూ చూసి, ఖాళీదేనని గొట్టంలోకి కడ్డీ దూర్చి చూసుకుని, ట్రిగ్గర్ నొక్కాడు. టక్. నిప్పు లేదు. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. "కొత్తది కదండీ, కొంచెం అలవాటు పడాలి" అన్నాడు.

"కొత్త పొయ్యి కొన్నరోజే వెలుగుతుంది కదా?"

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి పళ్లు బిగించి నొక్కాడు. రాయిని పట్టుకునే ఇనప దవడల్లో సరిగ్గా బిగించకపోవడంతో రాయి కాస్తా ఊడి, కౌంటర్ మీంచి ఎగిరి, గాలానికి గుచ్చే చేపపిల్లల తొట్టిలో బుడుంగున పడింది. అక్క తొట్టి దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూసింది. "చేపలు కూడా బెదర్లేదు" అని బయటికి నడిచింది.

ఈ సంగతి ఎమరీకి ఎలా తెలిసిందోగాని, ఆదివారం చర్చి అవగానే మెట్ల మీద మమ్మల్ని ఆపాడు. "షాపులెందుకు అమ్మాయ్? నా దగ్గర రెండోది ఉంది కదా. మా ముత్తాత ఎలుగుబంటిని కొట్టిన తుపాకీ. హార్లన్ కోసం ఇస్తాను" అన్నాడు.

ఎమరీ ఇంటి వెనక గడ్డికొట్టం దగ్గర కంచె గుంజ మీద గుమ్మడికాయ పెట్టాడు. తుపాకీ దట్టిస్తూ ముత్తాత కథ మొదలుపెట్టాడు. ఎలుగుబంటి కొండ దిగి వస్తోంది, ముత్తాత చేతిలో ఒక్కటే గుండు, పొద్దు వాలుతోంది...

"ఎలుగుబంటి ఎలాగూ చచ్చింది కదండీ. గుమ్మడికాయ సంగతి చూడండి" అంది అక్క.

ఎమరీ గురి పెట్టాడు. టక్. ఏమీ లేదు. రాయి తుడిచి మళ్లీ నొక్కాడు. టక్. తుస్స్. గిన్నెలో మంట లేచి తెల్లటి పొగ ఆయన టోపీ చుట్టూ తిరిగింది. అంతే. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఎమరీ పాతకాపు, తుపాకీ దించలేదు. గురి అటే పెట్టుకుని ఉన్నాడు. చివరికి చేతులు లాగి, మూతి ఆకాశానికి ఎత్తి, "చూడమ్మాయ్, ఇవాళ గాల్లో తేమ..." అనబోయాడు.

ఢాం.

కొట్టం పైకప్పు మీద గాలివాటం చూపే రేకు కోడిపుంజు గిర్రున తిరిగి, పక్కకి ఒరిగి, రేకుల మీద గడగడా దొర్లుకుంటూ వచ్చి గడ్డిలో పడింది. లోపల్నుంచి ఎమరీ భార్య "ఏమైంది?" అని అరిచింది.

అక్క గుమ్మడికాయ వైపు చెయ్యి చూపించింది. "కాయ నిలబడి ఉంది. మీరు ట్రిగ్గర్ నొక్కారు. కాయ ఇంకా నిలబడే ఉంది. వెనక్కి తిరగండి ఎమరీ గారూ."

"ఆ రూలు జింకలకేనమ్మా!" అంటూ ఎమరీ రెండు చేతులతో చొక్కా వెనక కొస పట్టుకున్నాడు. మా బావ అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక మిగిలింది స్నేవ్లీ ముసలాయన. వాగు పక్కన పాత పిండిమర కొట్లో చెకుముకి తుపాకీలు చేస్తాడు. మంచి పనివాడే. కాకపోతే తనంత పనివాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. చెవులు సగం పనిచేస్తాయి. నవంబరు వానలో తడుస్తూ వెళ్లాం. అక్క బుట్ట నిండా పిండిముక్కలతో ఉడికించిన కోడికూర పాట్‌పై, బీట్‌రూట్ నీళ్లలో ఊరేసిన ఎర్ర గుడ్లూ సర్దుకుని వచ్చింది. కొనే వస్తువు నచ్చేదాకా కదలకూడదని నిర్ణయించుకున్న రోజున ఆమె బుట్ట లేకుండా బయల్దేరదు.

స్నేవ్లీ తన గొప్ప తుపాకీలన్నీ బల్ల మీద వరసగా పేర్చాడు. ఒకదాని మీద గద్ద, ఇంకోదాని మీద ద్రాక్షగుత్తి. బావ ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, చెంపకి ఆనించుకుని, కళ్లు అరమోడ్చి నిట్టూరుస్తున్నాడు. పెళ్లి చూపుల్లో పిల్లాడిలా ఉన్నాడు. అక్క వాటి వంక చూడనే లేదు. గోడ వైపు చూస్తోంది. అక్కడ రెండు మేకుల మీద అడ్డంగా ఏదో ఉంది. దాని మీద తడికోటు, ఆ పైన టోపీ.

"ఆ కోటు కింద ఏంటండీ?"

"కోటా? నాదే. పాతది. అమ్మను."

"కోటు కాదు తాతా! కింద! తుపాకీ!"

స్నేవ్లీ మొహం కందగడ్డ అయింది. వెళ్లి కోటుకి అడ్డంగా నిలబడ్డాడు. "అది తుపాకీ కాదు, కొయ్య. బట్టలు తగిలించుకునే కొయ్య."

అక్క ఆయన్ని పక్కకి జరిపి కోటు తీసింది. నిజం చెప్పాలంటే నేను చూసిన తుపాకుల్లో అంత అనాకారిది లేదు. వాల్‌నట్ కర్ర మధ్యలో కోడిగుడ్డంత ముడి. ఇత్తడి లేదు, వెండి లేదు. గొట్టం బురదరంగు. మెడ దగ్గర మరీ లావు. ఏమైందంటే, పట్టణంలో ఒకాయన ఖరీదైన తాళం, అంటే రాయితో నిప్పు పుట్టించే మీట సరంజామా, తెప్పించుకుని, తుపాకీ చేయమని చెప్పి, పని మొదలుపెట్టేలోగా వేట మానేసి గోల్ఫ్‌లోకి దిగాడట. స్నేవ్లీకి ఒళ్లు మండి, మిగిలిపోయిన చెక్కకి మిగిలిపోయిన గొట్టం తగిలించి, ఆ తాళం బిగించి గోడకి పెట్టేశాడు. అప్పట్నుంచీ దాని మీద తడికోటు ఆరేసుకుంటున్నాడు.

అక్క దాన్ని దించి బావకిచ్చింది. బావ వేళ్ల కొసలతో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడు. చటుక్కున రవ్వలు. గుప్పెడు రవ్వలు, కొట్లో మసక వెలుతురులో జల్లున రాలాయి.

"మళ్లీ" అంది అక్క. మళ్లీ రాలాయి. "మళ్లీ." మళ్లీ.

"ఇది కావాలి."

"కుదరదు!" అన్నాడు స్నేవ్లీ.

"వద్దు!" అన్నాడు బావ అదే క్షణంలో.

"దాని గొట్టం మీద నా పేరుందమ్మాయ్. రేపు ఎవడైనా చూసి, స్నేవ్లీ ఇలాంటివి చేస్తాడా అంటే నేనేం చెప్పుకోను? ఆ గద్దది తీసుకో. ధర తగ్గిస్తాను."

"ధర తగ్గించక్కర్లేదు. దీన్ని వానలో పేల్చి చూపించండి."

ముసలాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. అనాకారిదే అయినా అది పేలదేమోనని ఎవరైనా అనుమానిస్తే ఆయన ఊరుకోడు. మందు దట్టించాడు, నూనెగుడ్డలో చుట్టిన గుండు దిగ్గొట్టాడు, గిన్నె అంచుల చుట్టూ మైనం పూశాడు, తాళం మీద కొవ్వు పట్టించిన తోలు కప్పి కట్టాడు. అంతా అయ్యాక అక్క తుపాకీని బావ చేతిలో పెట్టి తలుపు తీసింది. బయట వాన సన్నగా, ఐసులా పడుతోంది.

"నేనా?" అన్నాడు బావ.

"వేటకి తుపాకీ ఒక్కటే వెళ్తుందా ఏంటి? నువ్వూ తడవాలి. ఆ మట్టిగట్టు వైపు తిరిగి నిలబడు. మేం అన్నం తినేసి పిలుస్తాం."

మేం ముగ్గురం కిటికీ దగ్గర కూర్చుని పాట్‌పై తిన్నాం. కిటికీ అద్దంలోంచి బావ కనబడుతున్నాడు. టోపీ అంచు మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అక్క ఎర్రగుడ్డు చేత్తో ఎత్తి చూపించి, నీకూ ఉంచానులే అన్నట్టు తలూపింది. స్నేవ్లీ రెండోసారి వడ్డించుకున్నాడు. "కూర బాగుంది. మీ ఆయన చస్తాడేమో" అన్నాడు.

ఆఖరికి అక్క కిటికీ ఎత్తి, "కానీయ్!" అంది. బావ తోలు తప్పించి, రాయి తుడిచి, గురి పెట్టి నొక్కాడు.

'టక్' లేదు, 'తుస్స్' లేదు. ఒకటే ఢాం. బావ ఉలిక్కిపడి వెనక్కి తూలి బురదలో చతికిలబడ్డాడు. పొగలోంచి ఆయన గొంతు వినబడింది. "ఇది చెప్పకుండా పేలిందే!"

అక్క బేరం కుదుర్చుకుంది. ముసలాయన ధర గురించి కిక్కురుమనలేదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, దాన్ని చేసింది తనని ఎవరికీ చెప్పకూడదు. మేం చూస్తుండగానే ఆకురాయి తీసుకుని గొట్టం మీద తన పేరు గీకేశాడు. "ఎవరైనా అడిగితే వేరే రాష్ట్రంలో కొన్నామని చెప్పండి" అని ట్రక్కు దాకా వచ్చి మరీ చెప్పాడు.

క్రిస్మస్ మర్నాడు గుడిసెలో బావ ఆ తుపాకీని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. సిగ్గుపడుతూ విప్పాడు. ఎమరీ చుట్టూ తిరిగి చూసి, "దీంతో జింకని కాలుస్తావా, మోదుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. బావ ఒంటి మీద అక్క పండక్కి కొన్న కొత్త ఫ్లానెల్ చొక్కా, ఎర్ర గళ్లది, మోకాళ్ల దాకా కొస ఉన్నది.

ఆ రోజు నేను జింకల్ని తోలేవాళ్లలో ఉన్నాను. పొదల్లోంచి అరుచుకుంటూ కొండ వాలులో నడిచి, అవతల మాటు వేసినవాళ్ల వైపు జింకల్ని కదిలించడం మా పని. ఒక ఆడజింక నా ముందు లేచి నేరుగా బావ ఉన్న ఓక్ చెట్టు వైపు నడిచింది. పరిగెత్తనైనా లేదు. బావకి కూతవేటు దూరంలో ఆగి, పక్కకి తిరిగి నిలబడింది. నేను పక్కనున్న బండ వెనక్కి తప్పుకుని చూస్తున్నాను. బావ మొహం నాకు బాగా కనబడుతోంది. మెల్లగా తుపాకీ ఎత్తాడు. చెంపకి ఆనించాడు. అప్పుడు చూశాను. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకోగానే ఆయన రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాడు. ముక్కు ముడుచుకుపోయింది, పెదాలు బిగుసుకున్నాయి. సూది వేయించుకునే పిల్లాడి మొహం. తుపాకీ ఠక్కున పేలింది. ఎక్కడో పైన కొమ్మ విరిగి పడింది. జింక తోక ఎత్తుకుని వెళ్లిపోయింది.

"ఇది మరీ త్వరగా పేలుతోంది!" అన్నాడు బావ పొగలో నిలబడి. "నేనింకా సిద్ధం కాలేదు!"

పేలని తుపాకీ మీద ఏళ్ల తరబడి వాదించినవాడు పేలే తుపాకీ మీద వాదించలేకపోయాడు. గుడిసెలో కత్తెర చూడగానే తనే వెనక్కి తిరిగాడు. కొత్త బట్ట కోసేటప్పుడు ఎమరీ చెయ్యి కూడా కాస్త ఆగింది.

ఆ సాయంత్రం నేను అక్కకి చూసింది చూసినట్టు చెప్పేశాను. అంట్లు కడుగుతోంది. చేతులు తుడుచుకుని బావ దగ్గరికి వెళ్లింది.

"కళ్లు మూసుకుంటావట?"

"ఎవరన్నారు?" అని నా వంక కొరకొరా చూశాడు. తర్వాత కుర్చీలో జారగిలబడి, నెమ్మదిగా చెప్పాడు. వేలంలో ఆ చందమామ తుపాకీ కొన్న మొదటి ఏడే, ఒంటరిగా పేల్చి చూస్తుంటే గిన్నెలో మంట ఎగసి ఒక కనుబొమ్మ మొత్తం కాలిపోయింది. మందు ఎక్కువ పోశాడు, తప్పు తనదే. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చెకుముకి తుపాకీ పడితే మాత్రం అప్పట్నుంచీ కళ్లు వాటంతటవే మూసుకుపోతున్నాయి.

"ఆ కనుబొమ్మ... పొలంలో చెత్త తగలబెడుతుంటే కాలిందన్నావే?"

"అన్నాను."

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వంగి ఆయన కనుబొమ్మని బొటనవేలితో ఒకసారి నిమిరింది. "నాకైనా చెప్పొద్దూ" అంది.

మర్నాటి నుంచి ఇంటి వెనక పొలంలో శిక్షణ మొదలైంది. పొద్దుట పాలు పితికాక, మధ్యాహ్నం భోజనానికి ముందు. బావ పాత రేకు పళ్లేల మీద గురి పెట్టేవాడు. అక్క ఆయన ఎడమ పక్కన మడతకుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని, కాఫీ పట్టుకుని కూర్చునేది. పళ్లేల వంక చూసేదే కాదు, బావ కళ్లే చూసేది. ముందు మందు లేకుండా ఉత్త రవ్వలు. తర్వాత గిన్నెలో మాత్రం చిటికెడు మందు. పేలిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"మంట ఏ రంగులో ఉంది?"

"పసుపు."

"ఊహించి చెప్పకు. మళ్లీ."

"ఎరుపు?"

"మళ్లీ."

కొత్త సంవత్సరం రోజున అందరం వాళ్లింట్లో పంది మాంసం, పులిసిన క్యాబేజీ తింటుండగా కూడా, బావ నోట్లో ముద్ద ఉండగా అక్క హఠాత్తుగా బల్ల మీద చెంచాతో కొట్టింది. బావ కళ్లు మూసుకున్నాడు. "చూశావా?" అంది నాతో. పాపం, ఆయన ప్రశాంతంగా తిన్నది లేదు ఆ వారమంతా.

ఒకరోజు నేను వెళ్లేసరికి బావ తుపాకీ దించి నిలబడి ఉన్నాడు. మెల్లగా, ఏదో కొత్త సంగతి కనుక్కున్నవాడిలా, "తెల్లగా ఉంది ఎర్మా. అంచున మాత్రం కాస్త నారింజ" అన్నాడు. అక్క కాఫీ కింద పెట్టి, "ఇక గుండు పెట్టుకో" అంది.

జనవరిలో రెండో శనివారం మంచు పడింది. ఆ రోజు బావా నేనూ ఇద్దరమే వెళ్లాం. గుడిసె వెనక లోయలో, హెమ్లాక్ చెట్ల కింద, మంచు బరువుకి కొమ్మలు నేలకి వంగి ఉన్నాయి. పొద్దెక్కాక ఒక ఆడజింక వాగు వెంట వచ్చింది. గిట్టలతో మంచు గీరి ఆకులు తింటోంది. నేను ఆయన వెనకే ఉన్నాను. ఈసారి మొహం కనబడలేదుగాని భుజాలు కనబడ్డాయి. అవి బిగుసుకోలేదు. తుపాకీ ఒక్కసారి ఉరిమింది. పొగ విడిపోయాక చూస్తే జింక వాగు పక్కన పడి ఉంది.

బావ కేక వేయలేదు, ఎగరలేదు. మంచులో అలాగే కూర్చుండిపోయాడు. నేను భయపడి భుజం తట్టాను.

"చూశానురా గేలెన్" అన్నాడు. "అది తల ఎత్తడం చూశాను. మంట చూశాను. అది పడటం చూశాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి." లేచి వెళ్లి, జింక పక్కన టోపీ తీసి నిలబడ్డాడు. నేను దూరంగానే ఉన్నాను.

ఆ గాంభీర్యం ఎంతోసేపు నిలవలేదు. కడుపు శుభ్రం చేసి, చెవికి వేట లైసెన్సు చీటీ కట్టి, తాడు వేసి కొండ పైకి లాగడం మొదలుపెట్టాం. సగం ఎక్కాక బావ కాలు జారింది. తాడు వదిలేశాడు. జింక బల్ల మీద గిన్నెలా సర్రున జారుకుంటూ వచ్చినదారినే వాగులోకి పోయింది. దాని వెనక బావ, బావ వెనక నేను. ముగ్గురం ఒకే చోట ఆగాం. "బతికున్నప్పుడు కూడా ఇంత స్పీడుగా పోలేదే ఇది!" అన్నాడు బావ, మెడ వెనక మంచు దులుపుకుంటూ. రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ట్రక్కు చప్పుడు విని అక్క వాకిట్లోకి వచ్చింది. వెనక చూసింది, బావని చూసింది, మళ్లీ వెనక చూసింది. మొహంలో సంతోషం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"అయ్యో! ఫ్రీజర్‌లో చోటు లేదే!"

అన్నేళ్లుగా ఈ వేటలో బావ ఏదైనా తెస్తాడని ఆమె కూడా అనుకోలేదు మరి. ఫ్రీజర్ అడుగు నుంచి మూత దాకా మొక్కజొన్న గింజలూ, బఠానీలూ నింపి పెట్టింది. ఆ సాయంత్రం నేను ఆ గింజల సంచులు మోసుకుంటూ ఇరుగుపొరుగు తలుపులన్నీ కొట్టాను. ఎమరీకి బఠానీలు ఇచ్చి సంగతి చెబితే, సంచి పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాడు. "నిజంగానా? పడిందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన గొంతులో సంతోషం ఉంది. ఇంట్లోంచి ఏదో దొంగలు పట్టుకుపోయినట్టు దిగులు కూడా ఉంది. "మరి ఇప్పుడా గోడనేం చేస్తాం?" అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి వంటింట్లో పెనం మీద ఉల్లిపాయలతో కాలేయం చిటపటలాడుతోంది. బావ తడిబట్టలైనా మార్చుకోకుండా పొయ్యి పక్కనే నిలబడి, పెనంలోంచి ఫోర్కుతో తీసి నోరు కాలుతున్నా తింటున్నాడు. అక్కకి ఆ జింక ఎటు నుంచి వచ్చిందో, ఎలా ఆగిందో మూడోసారి మొదటి నుంచి చెబుతున్నాడు. అక్క ఊఁ కొడుతూ కుర్చీ లాగి ఆయన మోకాళ్ల వెనక పెట్టింది.

"కూర్చుని చెప్పు" అంది.

ఆయన కూర్చుని, వాగు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.